గోడ మీది కాగితానికి చట్టం ఇచ్చిన బరువు: అమెరికా కార్యాలయాల్లో కార్మిక చట్టాల పోస్టర్లు

అమెరికాలో గిడ్డంగి అయినా, రెస్టారెంటు అయినా, సాఫ్ట్‌వేర్ ఆఫీసు అయినా, ఉద్యోగులు కాసేపు కూర్చుని సేదతీరే బ్రేక్ రూములో ఒక గోడ ఉంటుంది. మైక్రోవేవ్ పక్కనో, రాకపోకల వేళలు నమోదు చేసే యంత్రం పైనో, ప్లాస్టిక్ పొర వేసిన పెద్ద పోస్టరు ఒకటి వేలాడుతూ, ఆరేడు గళ్ళలో చిన్న చిన్న అక్షరాలతో కనీస వేతనం, ఓవర్‌టైమ్, భద్రత, సెలవు, వివక్ష వంటి విషయాలేవో చెబుతూ ఉంటుంది. పుట్టినరోజు వేడుకల కబురు చీటీలూ, ఎవరో అమ్మకానికి పెట్టిన కారు ఫోటోలూ దాని అంచులను కప్పేస్తుంటాయి. రోజూ దాని ఎదుటే నిలబడి భోజనం వేడిచేసుకునే మనిషి ఏళ్ళు గడిచినా అందులో ఒక్క పేరా కూడా చదివి ఉండకపోవచ్చు. యజమానికి అది ఒక లాంఛనం, ఉద్యోగికి అది గోడలో ఒక భాగం. కోర్టులు మాత్రం దాన్ని అంత తేలిగ్గా తీసుకోవు. ఆ కాగితం గోడ మీద ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న మీదనే, గడువు దాటిపోయిందనుకున్న దావాలు తిరిగి ప్రాణం పోసుకున్న సందర్భాలు ఉన్నాయి. పోస్టరు పెట్టకపోతే ఎంత జరిమానా పడుతుందన్న లెక్కతోనే దాని ప్రాముఖ్యాన్ని కొలిచేవారు ఈ సంగతిని గమనించడం లేదు.

ముందుగా తెలుసుకోవలసినది, ఈ పోస్టర్లన్నిటినీ కోరే చట్టం ఒక్కటి లేదన్న విషయం. దాదాపు తొంభై ఏళ్ళలో ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిన చట్టాలు ఎవరి నోటీసును వారు విడివిడిగా అడిగాయి. కనీస వేతనానికీ ఓవర్‌టైముకూ ఆధారమైన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ 1938 నాటిది. జాతి, మతం, లింగం వంటి కారణాలతో వివక్ష చూపరాదన్న పౌర హక్కుల చట్టం 1964లో వచ్చింది. పని చోట భద్రతను ఓషా అనే ఫెడరల్ సంస్థ చేతికి అప్పగించిన చట్టం 1970లో, పాలిగ్రాఫ్, అంటే అబద్ధాలను పట్టే యంత్రంతో చేసే పరీక్షల నుంచి ఉద్యోగులకు రక్షణ కల్పించిన చట్టం 1988లో, కుటుంబ, వైద్య అవసరాలకు జీతం లేని సెలవునిచ్చే ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్ 1993లో, సైనిక సేవ నుంచి తిరిగి వచ్చినవారి ఉద్యోగాన్ని కాపాడే యూసెరా అనే చట్టం 1994లో వచ్చాయి. వీటిలో కొన్ని నోటీసు పెట్టాలని చట్టంలోనే రాసుకున్నాయి. కనీస వేతనపు పోస్టరు వంటివి తరువాత కార్మిక శాఖ చేసిన నిబంధనల్లోంచి పుట్టాయి. కాబట్టి ఒకే గోడ మీద పక్కపక్కన కనిపించే గళ్ళకు వేరు వేరు అర్హతలు, వేరు వేరు శిక్షలు, కొన్నిటికి భాష విషయంలోనూ వేరు వేరు షరతులు ఉన్నాయి.

ఏ యజమానికి ఏది వర్తిస్తుందన్నది ఎక్కువగా ఉద్యోగుల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఓషా పోస్టరు, కనీస వేతనపు పోస్టరు, పాలిగ్రాఫ్ పోస్టరు దాదాపు ప్రతి ప్రైవేటు సంస్థకూ తప్పవు. వివక్షకు సంబంధించిన చట్టాల్లో ఎక్కువ భాగం పదిహేను మంది ఉద్యోగులున్న చోట మొదలవుతాయి, వయసు వివక్ష చట్టం మాత్రం ఇరవై మంది ఉన్న చోట మొదలవుతుంది. కుటుంబ సెలవు చట్టానికి యాభై మంది ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటి ఉంది. యాభై మంది ఉన్న సంస్థలో ఆ సెలవుకు అర్హత ఒక్కరికీ లేకపోయినా పోస్టరు మాత్రం పెట్టవలసిందే. అలాగే పాలిగ్రాఫ్ యంత్రాన్ని ఎన్నడూ చూడని, చూసే ఉద్దేశం కూడా లేని చిన్న బేకరీ యజమాని సైతం ఆ పరీక్ష గురించిన నోటీసును గోడకు తగిలించాలి. హక్కు ఎప్పుడు అవసరపడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు కనుక, అవసరం లేని రోజున కూడా అది కళ్ళ ముందు ఉండాలన్నది ఈ నిబంధనల వెనకున్న ఆలోచన.

శిక్షల విషయానికి వస్తే వాటిలో ఒక పొందిక కనిపించదు. ఓషా పోస్టరు లేకపోతే 2025 జనవరి నుంచి గరిష్ఠంగా 16,550 డాలర్ల వరకు జరిమానా విధించవచ్చు. వివక్షకు సంబంధించిన పోస్టరుకు 1964 నాటి చట్టంలో రాసిన జరిమానా 100 డాలర్లు. ద్రవ్యోల్బణాన్ని బట్టి పెరుగుతూ వచ్చి అది 2024 నాటికి 680 డాలర్లయింది. కుటుంబ సెలవు పోస్టరును కావాలని పెట్టకపోతే పడేది ఇప్పటికీ రెండు వందల డాలర్ల పైచిలుకే. పాలిగ్రాఫ్ చట్టం కింద విధించగల గరిష్ఠ జరిమానా మాత్రం 25,000 డాలర్లు దాటింది. వీటన్నిటికంటే ఎక్కువమందికి, ఎక్కువ తరచుగా పనికివచ్చే కనీస వేతనపు పోస్టరు పెట్టకపోతే ఫెడరల్ స్థాయిలో విడిగా జరిమానాయే లేదు. ఈ అంకెలు మాత్రమే చూసిన యజమాని కనీస వేతనపు పోస్టరును పట్టించుకోనవసరం లేదని అనుకోవడం సహజమే, కానీ అది ఖరీదైన పొరపాటు. ఎందుకంటే ఆ పోస్టరు లేకపోవడం వల్ల వచ్చే నష్టం జరిమానా రూపంలో రాదు, కాలపరిమితి రూపంలో వస్తుంది.

కార్మిక చట్టాలు ఇచ్చే ప్రతి హక్కుకూ ఒక గడువు ఉంటుంది. చెల్లించని ఓవర్‌టైముపై దావా వేయడానికి రెండేళ్ళు, యజమాని తెలిసి తెలిసి చేసిన ఉల్లంఘన అయితే మూడేళ్ళు. వివక్షపై, అటువంటి ఫిర్యాదులను విచారించే ఫెడరల్ సంస్థ ఈఈఓసీ దగ్గర ఫిర్యాదు చేయడానికి 180 రోజులు, రాష్ట్రంలో అటువంటి చట్టాన్ని అమలుచేసే సంస్థ ఉంటే 300 రోజులు. ఆ గడువు దాటిన మర్నాడు ఎంత న్యాయమైన ఫిర్యాదైనా సాధారణంగా నిలవదు. ఇంత కచ్చితమైన గడువు పెట్టడం న్యాయమని చెప్పుకోవడానికి ఆధారం, ఉద్యోగికి తన హక్కు తెలిసే అవకాశం ఉందన్న నమ్మకం. ఆ అవకాశం కల్పించే బాధ్యతను చట్టం యజమాని మీద పెట్టింది. పోస్టరు అంటే ఆ బాధ్యత నెరవేరిందనడానికి గుర్తు. ఆ గుర్తే లేనప్పుడు, హక్కును దాచిపెట్టినవాడే గడువు దాటిపోయిందని వాదించి లాభపడవచ్చునా అన్న ప్రశ్న కోర్టుల ముందుకు రాక తప్పలేదు.

అమెరికాలో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టులు సర్క్యూట్లనే ప్రాంతాల వారీగా ఉంటాయి. 1977లో మూడో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు వయసు వివక్ష కేసులో ఈ ప్రశ్నను ఎదుర్కొని, చట్టం కోరిన నోటీసును యజమాని పెట్టనప్పుడు, ఉద్యోగికి తన హక్కుల గురించి ఇతరత్రా తెలిసేదాకా, లేదా అతడు న్యాయవాదిని ఆశ్రయించేదాకా, గడువు నడవడం ఆగుతుందని చెప్పింది. 1983లో నాలుగో సర్క్యూట్ కోర్టు కూడా అదే దారి పట్టింది. తరువాత మూడు దశాబ్దాలకు, 2014లో, అదే నాలుగో సర్క్యూట్ కోర్టు ఈ సూత్రాన్ని వేతనాల చట్టానికి విస్తరించింది. విదేశం నుంచి వచ్చి ఒక ఇంట్లో పనిమనిషిగా ఏళ్ళ తరబడి, కనీస వేతనానికి చాలా తక్కువకు చాకిరీ చేసిన స్త్రీ దావా అది. ఆమె ఆ ఇల్లు విడిచి బయటపడి మూడేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. మామూలు లెక్క ప్రకారం ఆమె వేతన దావాకు కాలం చెల్లినట్టే. ఆమె పనిచేసిన చోట హక్కుల నోటీసు ఎక్కడా పెట్టలేదన్న ఆరోపణ నిజమైతే, ఆమెకు హక్కులు నిజంగా తెలిసినప్పుడో, న్యాయవాదిని పెట్టుకున్నప్పుడో మాత్రమే గడువు లెక్క మొదలవుతుందని కోర్టు తీర్పు చెప్పింది. పోస్టరు లేకపోతే జరిమానా లేని చట్టంలో పోస్టరు లేకపోవడానికి ఇంత పెద్ద పర్యవసానం ఉండడం మొదట వింతగా తోచవచ్చు. కోర్టు తర్కం దీనికి సరిగ్గా ఎదురుదిశలో నడిచింది. జరిమానా లేదు కనుక, గడువు కూడా ఆగకపోతే, నోటీసు పెట్టాలన్న నిబంధనను పాటించవలసిన కారణమే యజమానికి మిగలదు.

అన్ని సర్క్యూట్ల కోర్టులూ ఇంత దూరం రావు. ఉద్యోగికి తన హక్కుల గురించి స్థూలంగా తెలిసి ఉంటే చాలు, పోస్టరు లేకపోయినా గడువు ఆగదన్న ధోరణి కూడా బలంగానే ఉంది. కాబట్టి పోస్టరు లేదన్న ఒక్క మాటను పట్టుకుని ఏ ఉద్యోగీ నిశ్చింతగా గడువు దాటబెట్టుకోకూడదు. కానీ యజమాని వైపు నుంచి లెక్క మారదు. ఉచితంగా దొరికే ఒక కాగితం గోడ మీద ఉంటే, గడువు దాటిన దావాను తోసిపుచ్చమని అడిగే బలమైన వాదన అతని చేతిలో ఉంటుంది. అది లేకపోతే, ఏళ్ళ కిందటి ఓవర్‌టైము బకాయిలు మళ్ళీ లెక్కలోకి వచ్చే ప్రమాదాన్ని తనే కొనితెచ్చుకున్నవాడవుతాడు. కుటుంబ సెలవు చట్టం నిబంధనలైతే, నోటీసు బాధ్యతను నెరవేర్చకపోవడాన్ని ఉద్యోగి హక్కుకు అడ్డుపడడంగానే పరిగణించవచ్చని నేరుగా చెబుతున్నాయి.

ఈ నేపథ్యంలో ఒక విఫల ప్రయత్నాన్ని కూడా గుర్తు చేసుకోవాలి. కార్మికులు సంఘం పెట్టుకునే హక్కునిచ్చిన నేషనల్ లేబర్ రిలేషన్స్ యాక్ట్ 1935లోనే వచ్చింది, కానీ అందులో పోస్టరు ప్రస్తావన లేదు. సంఘం లేని చోట్ల కూడా జీతాల గురించి తోటివారితో మాట్లాడుకునే హక్కు, పరిస్థితుల మెరుగుదలకు కలిసి అడిగే హక్కు ఉద్యోగులకు ఉన్నాయన్న సంగతి నేటికీ చాలామందికి తెలియదు. ఈ లోటు పూడ్చడానికి ఆ చట్టాన్ని అమలుచేసే నేషనల్ లేబర్ రిలేషన్స్ బోర్డు 2011 ఆగస్టులో ఒక నియమం చేసి, తన పరిధిలోని ప్రైవేటు యజమానులందరూ ఈ హక్కుల పోస్టరు పెట్టాలని ఆదేశించింది. యజమానుల సంఘాలు కోర్టుకెక్కాయి. 2013లో డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా సర్క్యూట్ కోర్టు, ఆ వెంటనే నాలుగో సర్క్యూట్ కోర్టు ఆ నియమాన్ని కొట్టివేశాయి. మరుసటి ఏడాది మొదట్లో, సుప్రీంకోర్టుకు వెళ్ళకుండానే బోర్డు ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది. అందువల్ల ఫెడరల్ ప్రభుత్వపు కాంట్రాక్టులు చేసే సంస్థల మీద 2009 నాటి అధ్యక్షుడి ఉత్తర్వు ద్వారా వచ్చిన బాధ్యత మినహా, ఈ హక్కు సాధారణ కార్యాలయాల గోడల మీదికి ఎక్కలేదు. ఈ హక్కు కనబడని గోడను చూసి అది లేదనుకోవడం పొరపాటే అవుతుంది. పోస్టరు హక్కును తెలియజేస్తుంది తప్ప పుట్టించదు.

గోడ మీద ఉండడమంటే ఏమిటన్నది తరువాతి ప్రశ్న. దాదాపు అన్ని నిబంధనలూ వాడే మాట ‘అందరికీ స్పష్టంగా కనిపించే చోటు’. ఉద్యోగులు మామూలుగా నోటీసులు చూసుకునే చోటు, వారు రోజూ తప్పక దాటివెళ్ళే చోటు అన్నది దీని అర్థం. మేనేజరు గదిలో తలుపు వెనక, తాళం వేసి ఉంచే స్టోరు గదిలో తగిలించిన పోస్టరు లేనట్టే లెక్క. వివక్ష, కుటుంబ సెలవు, పాలిగ్రాఫ్ పోస్టర్లు ఉద్యోగం కోసం దరఖాస్తు చేసుకునేవారికి కూడా కనిపించాలి కనుక, లోపలి బ్రేక్ రూము ఒక్కటే వీటికి సరిపోదు, ఇంటర్వ్యూకు వచ్చినవారు కూర్చునే చోట కూడా ఒక ప్రతి ఉండడం మంచిది. ఒకే సంస్థకు నాలుగు భవనాలుంటే నాలుగు చోట్లా పెట్టాలి. పరిమాణం గురించి అన్నిటికంటే వివరంగా చెప్పింది ఓషా. యజమాని సొంతంగా ముద్రించుకునే ప్రతి కనీసం ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పద్నాలుగు అంగుళాల పొడవు ఉండాలి, అక్షరాలు పది పాయింట్లకు తగ్గకూడదు. మామూలు ఆఫీసు ప్రింటరులో చిన్న కాగితం మీద కుదించి తీసిన ప్రతి ఈ పరీక్షలో నిలవదు. అన్నట్టు, ఓషా తన పోస్టరు కొత్త రూపు విడుదల చేసినప్పుడు పాతదాన్ని మార్చనక్కరలేదని చెప్పింది. ఈఈఓసీ అలా చెప్పలేదు. 2022 అక్టోబరులో దాని పోస్టరు పేరూ రూపూ మారాయి, గర్భిణీ ఉద్యోగినులకు వెసులుబాట్లు కల్పించే చట్టం రావడంతో 2023 జూన్‌లో మరోసారి మారింది. పాత శీర్షికతో ఉన్న పోస్టరు ఇంకా గోడ మీద ఉందంటే, ఆ సంస్థలో ఎవరూ దాని వైపు చూడడం లేదని తెలిసిపోతుంది.

చదవగలిగే భాషలో లేని నోటీసు కళ్ళెదుట ఉన్నా కనిపించనట్టే. కుటుంబ సెలవు చట్టం నిబంధనలు, ఉద్యోగుల్లో గణనీయమైన భాగానికి ఇంగ్లీషు చదవడం రానప్పుడు, వారికి చదవడం వచ్చిన భాషలో నోటీసు ఇవ్వాలని కోరుతున్నాయి. ఇది అడగగా దొరికే సౌకర్యం కాదు, యజమాని తనంతట తాను నెరవేర్చవలసిన బాధ్యత. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కనీస వేతనపు నోటీసును ఇంగ్లీషుతో పాటు స్పానిష్, చైనీస్, ఫిలిపినో భాషల్లోనూ, ఆ పనిచోట కనీసం అయిదు శాతం ఉద్యోగులు మాట్లాడే ఇతర భాషలోనూ పెట్టమంటుంది. ఉద్యోగార్హతను ఆన్‌లైన్‌లో సరిచూసే ఇ-వెరిఫై పద్ధతిలో చేరిన సంస్థలు ఆ విషయం తెలిపే పోస్టరును ఇంగ్లీషు, స్పానిష్ రెండిటిలోనూ ప్రదర్శించాలి. మోటళ్ళు, పెట్రోలు బంకులు, కిరాణా దుకాణాల్లో పనిచేసే వలస కార్మికులకు ఈ భాషా షరతు పుస్తకంలోని వివరం కాదు, ఆ కాగితం తమకు పనికివస్తుందా రాదా అన్నదాన్ని తేల్చే విషయం.

ఇంటి నుంచి పని పెరిగాక ఈ చర్చ కొత్త మలుపు తిరిగింది. గోడే లేని సంస్థ పోస్టరును ఎక్కడ పెట్టాలి? ఫెడరల్ కార్మిక శాఖలోని వేతన, పనిగంటల విభాగం 2020 డిసెంబరు 29న విడుదల చేసిన మార్గదర్శక పత్రం దీనికి జవాబిచ్చింది. ఉద్యోగులందరూ పూర్తిగా ఇంటి నుంచే పనిచేస్తూ, సంస్థ నుంచి వచ్చే సమాచారమంతా మామూలుగా ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే అందుకుంటూ, ఆ నోటీసును ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎవరినీ అడగకుండా చూడగలిగితేనే, కాగితం బదులు ఆన్‌లైన్ నోటీసు సరిపోతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా గోడ మీది కాగితం ఉండవలసిందే. వారానికి రెండు రోజులైనా కొందరు ఆఫీసుకు వచ్చే సంస్థలో ఆన్‌లైన్ నోటీసు అదనపు మేలే తప్ప బదులు కాదు. సంస్థ నెట్‌వర్క్‌లో ఎవరికీ తెలియని ఫోల్డరులో పడేసిన ఫైలు, చీపుళ్ళు దాచుకునే గదిలోనో, ఎవరూ వెళ్ళని నేలమాళిగలోనో తగిలించిన పోస్టరుతో సమానమని ఆ పత్రం పోల్చి చెప్పింది. న్యూయార్క్ రాష్ట్రం 2022 డిసెంబరులో మరో అడుగు వేసి, గోడ మీద తప్పనిసరిగా పెట్టవలసిన నోటీసులన్నిటినీ సంస్థ వెబ్‌సైటులోనో, ఈమెయిలు ద్వారానో కూడా ఉద్యోగులకు అందుబాటులో ఉంచాలని చట్టం చేసింది. అక్కడ కాగితమూ ఉండాలి, తెరా ఉండాలి.

రాష్ట్రాలు, నగరాలు కలిసేసరికి గోడ ఎంత బరువెక్కుతుందో ఒక్క ఉదాహరణ చాలు. 2025 ద్వితీయార్ధంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక రెస్టారెంటు గోడ మీద మూడు కనీస వేతనాలు పక్కపక్కనే కనిపించేవి. ఫెడరల్ పోస్టరు మీద 2009 నుంచి కదలకుండా ఉన్న 7.25 డాలర్లు, కాలిఫోర్నియా పోస్టరు మీద 16.50 డాలర్లు, నగరపు పోస్టరు మీద 19.18 డాలర్లు. మూడూ చట్టబద్ధమే, మూడూ తప్పనిసరే. ఉద్యోగికి దక్కవలసింది మాత్రం అన్నిటిలోకీ ఎక్కువైన మొత్తం. ఎందుకంటే రాష్ట్రం లేదా నగరం తనకంటే ఎక్కువ ఇవ్వమంటే ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. ఈ సంగతి తెలియని కొత్త ఉద్యోగి మొదటి అంకెను చూసి, తనకు గంటకు పన్నెండు డాలర్లు ఇస్తున్నారంటే ఎక్కువే ఇస్తున్నారని సంతోషించే ప్రమాదం ఉంది. ఇక్కడే పోస్టర్ల అసలు బలహీనత బయటపడుతుంది. ఒక్కొక్కటీ తన చట్టం గురించి నిజమే చెబుతుంది గానీ, అన్నిటినీ కలిపి ఈ గదిలో పనిచేసే మనిషికి వర్తించేది ఏదో ఏ ఒక్కటీ సూటిగా చెప్పదు. కాలిఫోర్నియాలో అయితే పరిశ్రమను బట్టి మారే పనిగంటల, విరామాల ఉత్తర్వులు కూడా ఉన్నాయి. తమ పరిశ్రమకు చెందని ఉత్తర్వును తగిలించుకున్న యజమాని నోటీసు పెట్టినా పెట్టనట్టే. టెక్సస్‌లో ప్రైవేటు యజమాని ప్రమాద పరిహార బీమా తీసుకోకుండా ఉండే వీలుంది, అయితే బీమా లేదన్న సంగతినే నోటీసుగా పెట్టి ఉద్యోగులకు తెలియజేయాలి.

ఇన్ని పొరల వల్ల పుట్టిందే పోస్టర్లు అమ్మే వ్యాపారం. అన్నిటినీ ఒకే షీటు మీద అచ్చువేసి ఇవ్వడం సౌకర్యమే, అందులో తప్పు లేదు. కొత్తగా సంస్థ నమోదు చేసుకున్న చిన్న వ్యాపారులకు, ప్రభుత్వ ముద్రలా కనిపించే గుర్తులతో, ‘చివరి హెచ్చరిక’ వంటి మాటలతో, వెంటనే కొనకపోతే వేల డాలర్ల జరిమానా తప్పదని బెదిరించే ఉత్తరాలు వస్తుండడం మాత్రం వేరే విషయం. ఫెడరల్ పోస్టర్లన్నిటినీ ఆయా శాఖల వెబ్‌సైట్ల నుంచి ఉచితంగా దించుకోవచ్చు, రాష్ట్రాల పోస్టర్లను కూడా సాధారణంగా రాష్ట్ర కార్మిక శాఖలే ఉచితంగా ఇస్తాయి. ఏ సంస్థకు ఏ ఫెడరల్ పోస్టరు కావాలో కొన్ని ప్రశ్నలడిగి తేల్చి చెప్పే సదుపాయం కూడా కార్మిక శాఖ వెబ్‌సైటులో ఉంది. పోస్టర్లు అమ్ముతామంటూ ప్రభుత్వ శాఖ ఏదీ ఉత్తరం రాయదు.

ఏడాది పొడవునా ఉండే పోస్టర్లకు తోడు, కొన్ని రోజులే ఉండవలసిన నోటీసులు కూడా ఉన్నాయి. పదిమందికి మించి ఉద్యోగులుండి, ప్రమాదం తక్కువని మినహాయించిన రంగాల్లో లేని సంస్థలు, గత ఏడాది జరిగిన గాయాలు, జబ్బుల సారాంశ పట్టికను ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ప్రదర్శించాలి. ఎవరికీ ఏ గాయమూ కాకపోతే సున్నాలతో నింపిన పట్టికనే పెట్టాలి. ఓషా తనిఖీలో లోపం బయటపడి ఉల్లంఘన నోటీసు జారీ అయితే, ఆ నోటీసును లోపం దొరికిన చోటికి దగ్గరలో, లోపం సరిదిద్దేదాకా గానీ మూడు పనిదినాల దాకా గానీ, ఏది ఆలస్యమైతే అంతవరకూ ఉంచాలి. కార్మిక సంఘాల చట్టాన్ని ఉల్లంఘించినట్టు తేలిన యజమాని, ఇకపై అలా చేయబోమని ఒప్పుకునే నోటీసును మామూలుగా అరవై రోజుల పాటు తన గోడ మీదే పెట్టుకోవాలి. సాధారణ పోస్టరులో చట్టం మాట్లాడుతుంది, ఈ నోటీసులో మాత్రం యజమాని తన గొంతుతోనే తన ఉద్యోగులకు మాట ఇస్తాడు.

ఇలా కొద్ది రోజులుండే నోటీసుల్లో తెలుగువారి జీవితాలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది, చాలామంది చూసి కూడా గుర్తుపట్టనిది, హెచ్-1బీ వీసాకు ముందు దాఖలు చేసే ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్) అనే దరఖాస్తుకు సంబంధించిన నోటీసు. విదేశీ ఉద్యోగిని తీసుకోదలచిన యజమాని కార్మిక శాఖకు ఆ దరఖాస్తు పెట్టిన రోజునో, అంతకు ముందు ముప్పై రోజుల్లోపో, పని జరగబోయే చోట ఉద్యోగులకు తెలియజేయాలి. అక్కడ కార్మిక సంఘం ఉంటే సంఘానికి నోటీసు ఇవ్వాలి. లేకపోతే రెండు వేరు వేరు ప్రస్ఫుటమైన చోట్ల మొత్తం పది రోజులు కాగితం తగిలించాలి, లేదా ఎలక్ట్రానిక్ పద్ధతిలో అక్కడివారందరికీ చేరేలా చూడాలి. ఎంతమందిని తీసుకుంటున్నారు, ఏ తరహా పని, ఎంత జీతం, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ చిరునామాలో అన్న వివరాలూ, అబద్ధాలున్నాయనిపిస్తే ఎక్కడ ఫిర్యాదు చేయాలన్న సమాచారమూ అందులో ఉంటాయి. ఉద్యోగి పేరు ఉండదు. అదే పనిని అదే చోట చేస్తున్న మనిషి తన జీతాన్ని ఈ అంకెతో పోల్చుకోగలగడమే ఈ నోటీసు ప్రయోజనం. వీసా మీద వచ్చేవారికి తక్కువ జీతమిచ్చి స్థానికుల జీతాలను కిందికి లాగకుండా చూడడం ఈ నిబంధన ఉద్దేశం. వీసా మీద వచ్చినవారికి కూడా, తమకు రావలసిన జీతం ఎంతో రాతపూర్వకంగా కనిపించే చోట్లలో ఇది ఒకటి.

కన్సల్టెన్సీ ఉద్యోగాల్లో ఈ నోటీసు తరచు చిక్కుల్లో పడుతుంది. జీతమిచ్చే సంస్థ ఆఫీసు ఒక ఊళ్ళో ఉంటుంది, పని మాత్రం మరో ఊళ్ళో క్లయింటు భవనంలో జరుగుతుంది. నోటీసు పెట్టవలసింది పని జరిగే చోట. అంటే తనది కాని గోడ మీద కన్సల్టెన్సీ సంస్థ తన కాగితం పెట్టాలి, దానికి క్లయింటు ఒప్పుకోవాలి. క్లయింటు ఒప్పుకోలేదన్న కారణం బాధ్యతను తప్పించదు. ఎలక్ట్రానిక్ పద్ధతిని ఎంచుకుంటే, ఆ క్లయింటు చోట అదే తరహా పని చేసేవారందరూ, వారు క్లయింటు ఉద్యోగులైనా సరే, దాన్ని చూడగలగాలని కార్మిక శాఖ 2019 మార్చిలో వివరించింది. కన్సల్టెన్సీ సొంత ఇంట్రానెట్‌లో, తన ఉద్యోగులు మాత్రమే తెరవగల పేజీలో పెట్టిన నోటీసు ఈ పరీక్షలో నెగ్గదు. ఎవరో వచ్చి రిసెప్షన్ దగ్గర రెండు కాగితాలు అతికించి, ఫోటో తీసుకుని, అరగంటలో వాటిని పీకేసే ధోరణి ఎక్కడ ఉన్నా, అది నేరుగా ఉల్లంఘనే.

గ్రీన్‌కార్డు దారిలో, యజమాని కార్మిక శాఖకు పెట్టే పెర్మ్ అనే దరఖాస్తుకూ ఇటువంటి నోటీసే ఉంది, అయితే దాన్ని వరసగా పది పనిదినాలు ఉంచాలి, దరఖాస్తుకు ముందు 30 నుంచి 180 రోజుల మధ్యలో ఆ పని పూర్తికావాలి. ఎల్‌సీఏ విషయంలో యజమాని మరో రెండు పనులు చేయాలి. ఉద్యోగి పనిలో చేరే రోజుకల్లా ఎల్‌సీఏ ప్రతిని అతని చేతికివ్వాలి. దరఖాస్తు దాఖలైన ఒక పనిదినంలోపు ఎవరైనా అడిగి చూడగలిగే ఫైలు ఒకటి తెరిచి, అందులో ఎల్‌సీఏతో పాటు నోటీసు ప్రతిని, దాన్ని ఎక్కడెక్కడ ఏయే తేదీల్లో పెట్టారన్న వివరాన్ని ఉంచాలి. ఆ ఫైలును చూడడానికి ఆ సంస్థలో ఉద్యోగి అయి ఉండనక్కరలేదు, కారణం చెప్పనక్కరలేదు. గోడ మీది కాగితం పది రోజుల తరువాత తీసేసినా, ఆ ఎల్‌సీఏ కింద ఉద్యోగం ముగిసిన తరువాత కూడా మరో ఏడాది పాటు ఆ ఫైలు అక్కడే ఉంటుంది.